రెండో సిరంజి

2022లో నేను గుంటూరులోని ఒక పిల్లల ఆసుపత్రిలో రీసెర్చ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగం గురించి చెబితే మా బంధువుల్లో చాలామందికి అర్థం కాదు. వార్డు నర్సుకి మంచాలుంటాయి, డ్యూటీలుంటాయి. నాకు రెండో అంతస్తులో ఒక చిన్న గది, తాళం వేసే బీరువా, గోడ పొడవునా ఫైళ్ళు, ఒక ఫోను. కొత్త మందు ఏదైనా పిల్లల మీద పనిచేస్తుందో లేదో డాక్టర్లు పరీక్షించి చూసేటప్పుడు, ఆ పిల్లల్ని చేర్చుకోవడం, తల్లులకి మందు పట్టే పద్ధతి నేర్పడం, వారం వారం ఫోను చేసి ఎలా ఉందో రాసుకోవడం నా పని. ఇలాంటి పరీక్షనే ట్రయల్ అంటారు.

ఆ ఏడు మా దగ్గర నడుస్తున్నది మూర్ఛ ట్రయల్. రెండు రకాల మాత్రలు వాడినా ఫిట్స్ ఆగని పిల్లల కోసం. పాత మాత్రలు అలాగే ఉంటాయి. వాటికి తోడు రోజూ రెండు పూటలా నాలుగు ఎం.ఎల్. సిరప్ పట్టాలి. సగంమంది సీసాల్లో కొత్త మందు ఉంటుంది. మిగతా సగంలో అదే రంగు, అదే నారింజ వాసన ఉన్న ఉత్త తీపి సిరప్. ఏ సీసాలో ఏముందో తల్లికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు, నాకూ తెలియదు. దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు. ప్రాణం మీదకొస్తే తెరిచి చూడడానికి ఒక్కో పిల్ల పేరున ఒక సీలు కవరు మాత్రం డాక్టరుగారి లాకరులో ఉంటుంది.

లాస్యకి అప్పుడు ఆరేళ్ళు. ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెటూరు. తండ్రి శ్రీను మూడెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేస్తాడు. తల్లి నాగమణికి పాతికేళ్ళుంటాయి. పిల్లకి వారంలో మూడు నాలుగుసార్లు ఫిట్స్ వచ్చేవి. పొయ్యి దగ్గరికి పోనివ్వకుండా, నీళ్ళతొట్టి దగ్గరికి పోనివ్వకుండా, ఆ తల్లి పిల్లని కొంగుకి ముడేసుకున్నట్టు తిరిగేది.

ట్రయల్‌లో చేర్చే ముందు కన్సెంట్ తీసుకోవాలి. అంటే పదకొండు పేజీల కాగితం తెలుగులో చదివి వినిపించి, లాభమేమిటో ప్రమాదమేమిటో చెప్పి, ఇష్టమైతేనే సంతకం పెట్టించుకోవాలి. బతిమాలకూడదు, ఆశ పెట్టకూడదు, సొంత అభిప్రాయం చెప్పకూడదు. నేను ఆ పదకొండు పేజీలూ చదివాను. నాగమణి తల ఊపుతూ విన్నది. పెన్ను చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"మేడం, మీకు పిల్లలున్నారా?"

"ఒక పాపమ్మా. సనా. ఏడేళ్ళు."

"మీ పాపకే ఇట్టా ఉంటే, దీంట్లో చేరుస్తారా?"

పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. ఆ భయం చూడలేకపోయాను. "చేరుస్తానమ్మా. ఎందుకు చేర్చను?" అన్నాను.

ఆమె వెంటనే సంతకం పెట్టింది.

సీసాతోపాటు సూదిలేని సిరంజి ఒకటి ఇస్తాము. ప్లాస్టిక్‌ది, పక్కన ఎం.ఎల్. గీతలు స్పష్టంగా ఉంటాయి. "ఎక్కడన్నా పారేసుకుంటే ఇబ్బంది" అని నాగమణికి రెండోది కూడా నేనే ఇచ్చాను. "ఒక్కోసారి చేదంటుంది, ఒద్దంటుంది. పిల్లలు వంకలు పెడతారు. మీరు మాత్రం మానకూడదు" అని కూడా చెప్పాను. ప్రతి తల్లికీ చెప్పే మాటే అది.

మొదటి ఆరు వారాలు బాగానే గడిచాయి. ఫిట్స్ వారానికి ఒకటికి తగ్గాయి. ఏడో వారం, నవంబరులో, ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి నా ఫోను మోగింది.

"మేడం, లాస్య లేవట్లేదు." నాగమణి గొంతు. "మందు పట్టిన అరగంటకి కడుపునొప్పి అంది. వాంతి చేసుకుంది. నోటెంట నురగ. కాళ్ళూ చేతులూ సన్నగా అదురుతున్నయ్యి. పిలిస్తే పలకట్లేదు మేడం."

పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నాను. నోట్లో ఏమీ పెట్టొద్దన్నాను. 108కి చెప్పమన్నాను. సీసా, సిరంజి కూడా తీసుకు రమ్మన్నాను. 

వాళ్ళు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలు నేను లాస్య ఫైలు ముందేసుకుని కూర్చున్నాను. మందు వల్ల రాగల ఇబ్బందుల జాబితా కన్సెంట్ కాగితంలో ఐదో పేజీలో ఉంటుంది. మత్తు, వాంతి, తల తిరగడం. నురగ లేదు. అదురు లేదు. రెండుసార్లు చదివాను, మూడోసారి చదివాను. ఎన్నిసార్లు చదివినా నా చెవిలో నా మాటే వినపడుతోంది. చేరుస్తానమ్మా, ఎందుకు చేర్చను.

మా ట్రయల్‌ని నడిపేది డాక్టర్ పద్మజగారు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, గొంతు పెంచరు. ఆవిడ క్యాజువాలిటీలో సిద్ధంగా నిలబడ్డారు. నేను పక్కన నిలబడ్డాను.

స్ట్రెచర్ మీద లాస్య గౌను చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది. ఛాతీలో గురగుర, బుడగలు పగులుతున్నట్టు. చెంప మీద చర్మం కింద పురుగు పాకుతున్నట్టు కండ అదురుతోంది. వెనక నాగమణి, శ్రీను, శ్రీను అన్న హనుమంతరావు. తలుపు దగ్గర ఆపితే హనుమంతరావు అరుపులు మొదలుపెట్టాడు.

"ప్రయోగాలకి మా పిల్లే దొరికిందా మీకు? అదేమన్నా ఎలకా? ఏందిరా ఇది, అడిగేవాళ్ళు లేరనుకున్నారా?"

వరండాలో ఉన్న వాళ్ళంతా మా వైపు తిరిగారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు.

"నసీమా, కవరు తెప్పించు" అన్నారు పద్మజగారు. సీలు కవరు. అది తెరిస్తే లాస్య సీసాలో ఉన్నది కొత్త మందో తీపి నీళ్ళో తెలిసిపోతుంది. ఆవిడ లాకరు తాళం ఇస్తే ఒకరిని పంపించాను. "పల్స్ ఎంత?" అన్నారావిడ.

మణికట్టు పట్టుకున్నాను. "యాభై ఆరు మేడం."

"సరిగ్గా చూడు."

నిమిషమంతా లెక్కపెట్టాను. "యాభై నాలుగు."

ఆవిడ టార్చి తీసి లాస్య కనురెప్పలు పైకెత్తారు. కంటిపాపలు ఆవగింజల్లా చిన్నవైపోయి ఉన్నాయి. "ఫిట్స్ అయితే గుండె పరుగెత్తాలి. ఇట్లా చతికిలపడదు. మన మందుకీ ఇట్లా అవదు" అన్నారు.

నేను లాస్య మొహం మీదికి వంగాను. నారింజ వాసన కింద ఇంకో వాసన. వెల్లుల్లి కుళ్ళినట్టు, కిరసనాయిలు కలిసినట్టు. మాది పెదకాకాని. మా ఇంటి వెనక నుంచే చేలు మొదలవుతాయి. చిన్నప్పటి నుంచి చలికాలమంతా ఆ వాసన పీల్చి పెరిగినదాన్ని.

"మేడం, ఇది పురుగుమందు."

 ఆ తర్వాత చకచకా పనులు జరిగిపోయాయి. అట్రోపిన్, అంటే ఆ విషానికి విరుగుడు, ఒక డోసు, దానికి రెట్టింపు ఇంకో డోసు, మళ్ళీ రెట్టింపు. బట్టలు తీసేసి ఒళ్ళంతా కడిగారు. ఊపిరి ఆడక పెదాలు నీలంగా మారుతుంటే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటరుకి కలిపారు. కవరు తెచ్చిన మనిషి దాన్ని చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాడు. "ఇప్పుడు దానితో పనిలేదు, లాకరులో పెట్టెయ్యి" అన్నారావిడ. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"నసీమా, ఈ విషం ఎక్కణ్ణించి వచ్చింది? ఒకవేళ సీసాలోనే ఉంటే?"

 మా ట్రయల్‌లో ఇంకా ముప్పై ఏడు మంది పిల్లలున్నారు. ఆ నెల సీసాలన్నీ ఒకే పెట్టెలోంచి తీసి నేనే పంచాను. ఆ పొద్దున ముప్పై ఏడు ఇళ్ళలో తల్లులు నేను నేర్పినట్టే, నేను చెప్పిన టైముకే, ఆ సిరప్ పట్టి ఉంటారు.

గదిలోకి పరుగెత్తి జాబితా తీసి ఫోన్లు మొదలుపెట్టాను. "అమ్మా, పాప ఎలా ఉంది? సాయంత్రం నుంచి సిరప్ ఆపేయండి. కంగారేం లేదు, సీసా మార్చాలి."  బాగుంది మేడం. ఆడుకుంటన్నాడు మేడం. స్కూలుకి పోయింది మేడం. ఒక్కొక్క పేరు పక్కన టిక్కు పెడుతున్నాను. పందొమ్మిదో నంబరు ఎత్తలేదు. ఒంగోలు అవతల ఒక ఊరు, నాలుగేళ్ళ బాబు. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎత్తలేదు. దాన్ని వదిలి మిగతావన్నీ పూర్తి చేసి, మళ్ళీ దానికే వచ్చాను. మోగి మోగి ఆగిపోయింది. నా కళ్ళ ముందు చొంగ కారుతున్న మొహం, మరో ఇంట్లో, చూసేవాళ్ళు లేకుండా.

ఆ ఊళ్ళో ఆశా కార్యకర్త నంబరు సంపాదించి ఆమెని ఇంటికి వెళ్ళి చూడమన్నాను. ఆమె తిరిగి ఫోను చేసేలోపు కింద ఉన్నవాళ్ళని అడగాలని లేచాను.

శ్రీను మెట్ల కింద మంచినీళ్ళ ఫిల్టరు పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కొంచెం దూరంలో హనుమంతరావు ఎవరికో ఫోనులో గట్టిగా చెబుతున్నాడు, మనుషుల్ని తీసుకుని రమ్మని. నేను శ్రీను ఎదురుగా కింద కూర్చున్నాను.

"పొద్దున మందు ఎవరు పట్టారు శ్రీనుగారూ?"

"నాగమణేనండి. ఎనిమిదింటికి."

"ఇంట్లో ఇంకేమైనా మందులున్నాయా? నాటుమందు గానీ, ఎవరన్నా ఇచ్చింది గానీ?"

"ఇంట్లో ఇంకే మందూ లేదండి. మీరిచ్చిందే."

ఏడు వారాలుగా నేను ఫోనులో అడుగుతున్న ప్రశ్నే ఇది. ఫారంలో నాలుగో ప్రశ్న. ప్రతివారం ఇదే జవాబు రాసుకున్నాను. అప్పుడే అతని చొక్కాలోంచి ఆ వాసన మళ్ళీ వచ్చింది. మా వైపు ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, చేలో కొట్టేదీ మందే. ఏడు వారాలుగా నేను ఒక మందు గురించి అడుగుతున్నాను, వాళ్ళు ఆ ఒక్క మందు గురించే చెబుతున్నారు.

"చేలో మందు కొట్టారా ఇయ్యాల?"

"కొట్టానండి. తామరపురుగు ఎక్కువైంది. తెల్లారేసరికే పోయా."

"దేంతో కొలిచారు?"

"మూతతో కొలిస్తే ఎక్కువా తక్కువా అయి పూత రాలతందని..." అతని మాట నెమ్మదించింది. "గీతలుంటయ్యి గదా అని... గళాసులో రెండున్నయ్యి గదా, ఒకటి..."

అక్కడ ఆగిపోయాడు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"కడిగారా?"

"లుంగీకి తుడిచి గళాసులో ఏశా. వచ్చినాక కడుగుదామనుకున్నా." తల ఎత్తాడు. "దాంతోనే పట్టిందా?"

ఇక్కడ ఒక మాట నిజాయితీగా రాయాలి. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది జాలి కాదు. గుండె మీంచి బండ దిగినట్టు తేలికయింది. మా సీసా కాదు, మా ట్రయల్ కాదు, నేను కాదు. ఎదురుగా ఒక తండ్రి కూలిపోతుంటే నాకు ఊపిరాడింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ తేలిక ఎక్కువసేపు నిలవలేదు కూడా. ఆ గళాసులో రెండోది పెట్టించింది ఎవరో నాకు తెలుసు.

శ్రీను నా చెయ్యి పట్టుకున్నాడు. "నాగమణికి చెప్పమాకండి మేడం. అది చచ్చిపోతది."

"డాక్టరుగారికి ఇప్పుడే చెప్పాలి. ఆ పురుగుమందు పేరు చెప్పండి, వైద్యానికి కావాలి. నాగమణికి నేను చెప్పను. మీరే చెప్పాలి."

మందు పేరు తీసుకుని పైకి వెళ్ళాను. దారిలో ఆశా కార్యకర్త ఫోను. ఒంగోలు వైపు బాబు తల్లితో పత్తి తీతకి వెళ్ళాడట, గట్టు మీద ఆడుకుంటున్నాడట. ఫోను ఇంట్లో మర్చిపోయారట. జాబితాలో ఆఖరి టిక్కు పడింది.

పద్మజగారికి ఆ మందు పేరు చెప్పి నేను ఐ.సి.యు. బయటికి వచ్చేసరికి శ్రీను అన్నతో మాట్లాడుతున్నాడు. అన్న అరుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. చెయ్యెత్తాడు, కొడతాడనుకున్నాను. ఎత్తిన చేతిని తమ్ముడి మెడ మీద వేసి పట్టుకుని నిలబడ్డాడు. శ్రీను అక్కడి నుంచి నాగమణి దగ్గరికి నడిచాడు. వాళ్ళు మాట్లాడుకుంది నాకు వినపడలేదు. ఆమె భర్తని దాటుకుని నా దగ్గరికి వచ్చింది.

"చేదుగా ఉందమ్మా అంది మేడం. ఒద్దంది. వంకలు పెడతందని ముక్కు మూసి నేనే మింగించా."

పిల్లలు వంకలు పెడతారని ఆమెకి ఎవరు చెప్పారో ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

విషం కేసు కాబట్టి ఆసుపత్రి అవుట్‌పోస్టులో పోలీసులకి చెప్పక తప్పలేదు. కానిస్టేబులు వచ్చి శ్రీను వాంగ్మూలం రాసుకుంటుంటే అతను ప్రతి ప్రశ్నకీ "నేనేనండి" అన్నాడు. పొరపాటున జరిగిందని రాసుకుని వెళ్ళారు. సీసాని, రెండు సిరంజిల్నీ పరీక్షకి పంపాము. సీసా శుభ్రం. ఒక సిరంజి ముక్కులో, లోపలి రబ్బరు అంచున, విషం మిగిలే ఉంది.

లాస్య మూడు రోజులు వెంటిలేటరు మీద ఉంది. ఈ విషంతో ఒక చిక్కు ఉంది. కోలుకున్నట్టే కనపడి రెండో రోజో మూడో రోజో మెడ కండరాలు జారిపోయి ఊపిరి మళ్ళీ ఆగవచ్చు. అందుకని గంటగంటకీ తల ఎత్తగలుగుతుందో లేదో చూడాలి. ఐ.సి.యు. నా డ్యూటీ కాదు. అయినా రెండు పూటలా వెళ్ళి నిలబడేదాన్ని. శుక్రవారం మధ్యాహ్నం గొట్టం తీశారు. మొదట దగ్గింది. తర్వాత తల దిండు మీంచి రెండంగుళాలు పైకెత్తి, బొంగురు గొంతుతో తల్లిని వెతికింది. పద్మజగారు ఆ రెండంగుళాలూ చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

పన్నెండో రోజు డిశ్చార్జి. ఇంటికి వెళ్ళే ముందు నాగమణి నా గదికి వచ్చింది. నేను ఫైలు తీసి, ట్రయల్‌లో ఉండడమా మానడమా ఆమె ఇష్టమని, మానితే వైద్యంలో ఏ లోటూ ఉండదని చెప్పడం మొదలుపెట్టాను.

"మానేస్తాం మేడం" అంది. తర్వాత మెల్లగా, "ఆ కాగితాల్లో ఏముందో నాకప్పుడూ తెలవదు, ఇప్పుడూ తెలవదు. మీ పాపనైనా చేరుస్తానన్నారు. అది చూసి సంతకం పెట్టా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మానుకుంటున్నట్టు రాసిన కాగితం మీద ఈసారి ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదువుకుని సంతకం చేసింది.

ట్రయల్‌లో ఎవరికైనా ప్రాణాపాయం వస్తే ఎథిక్స్ కమిటీకి, అంటే పిల్లల తరఫున మా పనిని కనిపెట్టి చూసే బయటి పెద్దలకి, రిపోర్టు పంపాలి. మొదటి రిపోర్టులోనే రెండో సిరంజి గురించి రాశాను. ఆ రోజు కన్సెంట్ గదిలో నేనన్న మాట రాయలేదు. నాగమణి వెళ్ళిన సాయంత్రం పద్మజగారికి చెప్పాను. 

"అది కూడా రాయి" అన్నారావిడ.

రాశాను. మూడు నెలలపాటు నన్ను కన్సెంట్ పనికి దూరంగా ఉంచారు. మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చారు. సిరంజి ఒక్కటే ఇవ్వాలని, వాడినది వెనక్కి తెస్తేనే కొత్తది అని రూలు పెట్టారు. ఫారంలో నాలుగో ప్రశ్నని మార్చారు. చేలో కొట్టే మందు ఇంట్లో ఎక్కడ పెడతారు, దేంతో కొలుస్తారు అని ఇప్పుడు విడిగా అడుగుతాం. పిల్ల చేదంటే ఆపి, ముందు మాకు ఫోను చేయమంటాం.

లాస్య ఇప్పటికీ ఓపీకి వస్తుంది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. ఆ విషం మిగిల్చిన లోపం మాత్రం ఏమీ లేదు. నాగమణి నన్ను చూస్తే "బాగున్నారా మేడం" అంటుంది, అంతే. అంతకంటే ఎక్కువ ఆశించే హక్కు నాకు లేదు.

భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పడం నర్సు పని అని మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. వార్డులో అది నిజం. నా గదిలో కాదు. పిల్లకి పట్టేది ఏ మందో తెలియనప్పుడు తల్లికి భయం వేయాలి. ఆ భయమే ఆమె చేత ప్రశ్నలడిగిస్తుంది, వాసన చూడమంటుంది, చేదంటే ఆపమంటుంది. ఆ రోజు నాగమణి దగ్గర దాన్ని నేను ఒక్క మాటతో లాగేసుకున్నాను.

పోయిన నెల ఒక తల్లి వచ్చింది. కొత్త ట్రయల్, కొత్త కాగితం. గంటన్నర కూర్చుని పేజీ పేజీ అడిగింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. ఆఖరికి కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "నాకు భయంగా ఉంది, ఒద్దులెండి" అని బాబునెత్తుకుని వెళ్ళిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట "చేరలేదు" అని రాశాను. పక్కన కారణం రాసే గడి ఉంది. వాళ్ళు చెప్పనక్కర్లేదు, చెప్పినా నేను రాయనక్కర్లేదు. ఆ గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.